గమ్మున పంపమన్న బొమ్మ

ప్రొద్దుటూరు బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునే మనిషి మీద నాకొక ఫిర్యాదు ఉంది. చాలా పాతది, ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు. జమ్మలమడుగు బస్సు ఎప్పుడని అడిగితే ఆయన "ఇప్పుడే" అనేవాడు. ఇప్పుడే పోయిందో, ఇప్పుడే రాబోతోందో చెప్పేవాడు కాదు. ఒకసారి ధైర్యం చేసి, ఇప్పుడే అంటే ఏమని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఇప్పుడే అంటే ఇప్పుడే అన్నాడు. తర్వాత పక్కనున్న కండక్టరుతో, చదువుకున్నోళ్లకు అన్నీ విడమరిచి చెప్పాల్సొస్తాందని వాపోయాడు. నేను బీయే చదివాను. తెలుగులో మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఒక మాటకు ఒక అర్థం ఉంటుందని నమ్మే వయసు అది.

ఆ బస్సు నాకు రోజూ కావలసి వచ్చేది. ఇల్లు ప్రొద్దుటూరులో, ఉద్యోగం జమ్మలమడుగులో ఒక సర్కారు ఆఫీసులో. నా భార్య బొమ్మలు వేసేది. వారపత్రికల్లో కథల పక్కన, సీరియళ్ల నెత్తిన ఉంటాయి చూడండి, ఆ బొమ్మలు. సంతకం బదులు కింది మూలలో ఒక చిన్న పిట్టను గీసేది. పిట్టను చూసి ఆడో మగో చెప్పలేరు కాబట్టి మా వీధిలో సగం మంది ఆ బొమ్మలు నేనే వేస్తున్నానని అనుకునేవాళ్లు. నేను కాదనేవాణ్ణి. అంత గట్టిగా మాత్రం అనలేదు.

ఆమె పుట్టిల్లు పులివెందుల. తాతల నాటి నుంచి గొర్రెలూ మేకలూ పెంచిన ఇల్లు. తర్వాత చీనీతోట, అంటే బత్తాయిలు, వేశారు, మా బావమరిది ఎరువుల అంగడి పెట్టాడు. చిన్నప్పుడు ఆమె బొగ్గుతో దొడ్డి గోడ నిండా మేకలు గీసేదట. పత్రికలో చోటు దొరికింది కూడా ఆ మేకల వల్లే. చాలామంది ఆర్టిస్టులు మేకను గీస్తే కొమ్ములున్న కుక్క తయారవుతుంది. ఈమె మేక ఆకు ఎక్కడుందా అని వెతుకుతూ ఉంటుంది. ఒక కథకు అలాంటి మేకను వేసి పంపితే సంపాదకుడు కార్డు రాశాడు. అప్పటినుంచి ఎనిమిదేళ్లు కార్డులే కార్డులు. ఆయనది కోస్తా. ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఆ కార్డులన్నిటినీ ఆమె చీర అంచు పీలికతో కట్ట కట్టి ట్రంకు పెట్టెలో దాచేది.

ఆ కట్టను నేను ఎప్పుడూ విప్పలేదు. ఇంకొకరి ఉత్తరాలు చదవకూడదని కాలేజీలో ఎవరో చెప్పారు. పాటించడానికి చాలా సులువైన నీతి, పాటించాను.

అవి కక్షల రోజులు. మా వైపు పార్టీ అనే మాటకు జెండా ఉండి తీరాలని లేదు. పల్లె పల్లెకూ రెండు పార్టీలుండేవి, ఎన్నికలొచ్చినప్పుడు వాటికి జెండాలు దొరికేవి. ఒక పార్టీ వాళ్లు టీ తాగే హోటల్లో రెండో పార్టీ వాళ్లు కాలు పెట్టరు. నాలాంటి ఉద్యోగస్థులు రెండు హోటళ్లలోనూ తాగి, రెండు చోట్లా ఏమీ వినలేదని చెప్పేవాళ్లు. మా వైపు పిల్లలకు అమ్మ, నాయన తర్వాత వచ్చే మూడో మాట "గమ్మునుండు" అని నేను ఆఫీసులో అంటూ ఉండేవాణ్ణి. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. గమ్మునుండేవాళ్లు.

అప్పుడే ఆ పత్రికలో మా కక్షల మీద ఒక సీరియల్ మొదలైంది. రాసినాయన డెల్టా మనిషి. మా జిల్లా మీదుగా రైల్లో పోయాడేమో, అదీ నిద్రపోతూ పోయినట్టుంది. ఆయన కథలో ఫ్యాక్షన్ నాయకుడు పొద్దున్నే పెసరట్టు తినేవాడు. నా భార్య బొమ్మలో ఆ పళ్లెంలో రాగిసంగటి ముద్ద పెట్టింది. సంపాదకుడు ఏమీ అనలేదు. కథలో పెసరట్టు, పక్క పేజీలో సంగటి. అలా ఒక ఏడాది నడిచింది.

ఆ నాయకుడికి ఆమె ఒక ముఖం ఇచ్చింది. యాభై దాటిన వయసు, భుజాన తువ్వాలు, చివర్లు పైకి తిరిగిన గుబురు మీసం. ఆ ముఖం ఎక్కడిదని అడిగితే తోచింది వేశానంది. సరిగ్గా అలాంటి మీసంతో మా వైపు ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పేరు అప్పుడు బయట చెప్పేవాణ్ణి కాదు, ఇప్పుడు అలవాటు మార్చుకోవడం ఎందుకు.

సీరియల్ ముగింపుకొచ్చేసరికి నా భార్యకు కామెర్లు వచ్చాయి. మొదట ఇంకు వాసన పడలేదు, తర్వాత అన్నం పడలేదు, ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఇద్దరు ముగ్గురు చెప్పిన పసర్లు అయ్యాక జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రిలో చేర్పించాను. నా ఆఫీసు అక్కడే కాబట్టి పొద్దున గంజి, మధ్యాహ్నం మజ్జిగ నేనే తీసుకుపోయేవాణ్ణి. మూడు వారాలు పడుకోవాలి, మనసుకు ఏ కష్టమూ పెట్టొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండో సగం నాతో విడిగా చెప్పింది.

ఆసుపత్రికి పోయే రోజు ఆమె మంచం మీద కూర్చొని నాకు పని అప్పగించింది. ముగింపు బొమ్మ వేయడం అయిపోయింది, ట్రంకు పెట్టెలో రెండు అట్టల మధ్య ఉంది. రచయిత నాయకుణ్ణి చంపుదామా వద్దా అని ఊగుతున్నాడట, సంపాదకుడు తేల్చి కార్డు రాస్తాడు. కార్డు రాగానే బొమ్మ పంపాలి. అంతే పని. అంతే కానిది ఇంకొకటి ఉంది. ఈ సీరియల్ ఆగకుండా చివరిదాకా వేస్తే దీపావళి సంచికకు అట్ట మీద బొమ్మ ఆమెదేనని ఆయన మాట ఇచ్చాడు. ఎనిమిదేళ్లు నల్ల ఇంకుతో లోపలి పేజీల్లో వేసిన మనిషి. ఆ మాట వచ్చిన రోజే ఒక రంగుల పెట్టె కొని, మూత కూడా తీయకుండా దాచింది. ఆసుపత్రికి సంచి సర్దుతుంటే చీరల మీద దాన్నీ పెట్టమంది. వెయ్యడానికి కాదు, ఊరికే తలకింద ఉండనీ అంది.

ఆమె చేరిన మొదటి ఆదివారం మా ఇంటి ముందు ఒక జీపు ఆగింది. తెల్లచొక్కా మనిషి ఒకడు దిగాడు. నేను గడ్డం గీసుకుంటున్నాను, సగం అయింది. మంచినీళ్లు అడిగాడు, నింపాదిగా తాగాడు, చెంబు నా చేతికే ఇచ్చాడు. తర్వాత అడిగాడు.

"బొమ్మలేసే సారు నువ్వేనా?"

ఆ రోజు గట్టిగా కాదన్నాను.

"మరి ఎవురు?"

ఇంట్లో లేరన్నాను. అతను గోడలవైపు ఒకసారి చూసి, "సరే. పెద్దాయన ఆ బొమ్మలు చూసినాడని చెప్పు" అని జీపెక్కాడు.

చూసినాడు. అంతే. బాగున్నాయని అనలేదు, బాగాలేవని అనలేదు. మిగతా సగం గడ్డం గీసుకునేటప్పుడు నాకు రెండు చోట్ల తెగింది.

మంగళవారం కార్డు వచ్చింది. మా పోస్టుమాను నిజాయితీపరుడు, కార్డులు చదివాకే ఇచ్చేవాడు. ఆ రోజు ఇచ్చి పోకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. కార్డులో మూడే వాక్యాలున్నాయి. "ముగింపు మారలేదు. బొమ్మ గమ్మున పంపించండి. మిగతాది నేను చూసుకుంటాను."

గమ్మున అనే మాటకు ఇంకో అర్థం ఉందని తెలిసిన పాఠకులు దయచేసి కాసేపు గమ్మునుండండి. మా వైపు దానికి ఒక్కటే అర్థం. నోరెత్తకుండా, పక్కవాడికి తెలియకుండా, చప్పుడు చేయకుండా. ఆదివారం జీపు, మంగళవారం ఈ కార్డు. ముగింపు మారలేదు, అంటే పెద్దాయన మీసమున్న మనిషి చస్తున్నాడు. మిగతాది నేను చూసుకుంటాను అనే మాట మా జిల్లాలో ఎవరన్నా ఇంట్లో ఆడవాళ్లు తలుపులు వేసుకుంటారు. జీపు సంపాదకుడి దగ్గరికి కూడా పోయిందని, పాపం ఆయన ప్రాణాలకు తెగించి పత్రిక నడుపుతున్నాడని నాకు అర్థమైపోయింది. నా జీవితంలో అంత స్పష్టంగా అర్థమైన ఉత్తరం ఇంకొకటి లేదు.

పోస్టుమాను మాత్రం తల గోక్కున్నాడు. "గమ్మున పంపమనేటోడు కార్డు ముక్క మీద రాస్తాడా సామీ? నేను సదివితి, మా పోస్టుమాష్టరు సదివె."

నేను అతన్ని గమ్మునుండమన్నాను. జిల్లాలో ఆ వారమంతటికీ బుద్ధిగా మాట్లాడిన మనిషి అతనొక్కడే, అతన్నే నోరు మూయించాను.

ఆ రోజు ఆసుపత్రిలో నా భార్య కార్డు వచ్చిందా అని అడిగింది. ముగింపు మారలేదంట, బొమ్మ పంపిస్తాండా అని చెప్పాను. గమ్మున అనే సంగతి చెప్పలేదు. గమ్మున అంటే ఆమెకు కూడా చెప్పకుండా అనే కదా. పైగా డాక్టరమ్మ మాట ఉండనే ఉంది. ఆమె కళ్లు మూసుకొని, "అయితే నా బొమ్మే పోతాది" అని నవ్వింది. ఆ పచ్చటి ముఖంలో నవ్వు కూడా పచ్చగానే ఉంది.

ఇక పంపడం ఎట్ల? ప్రొద్దుటూరులో వేస్తే పోస్టుమాను ఉన్నాడు. జమ్మలమడుగులో వేస్తే పోస్టాఫీసు మా ఆఫీసుకు ఎదురుగా, అక్కడ ఒక పార్టీ మనిషి కిటికీ వైపు, రెండో పార్టీ మనిషి తలుపు వైపు కూర్చునేవాళ్లు. బుధవారమంతా దీని మీద ఆలోచించాను. ఫైళ్ల మీద కూడా నేను ఎప్పుడూ అంత ఆలోచించలేదు.

గురువారం ఆఫీసుకు సంపాదకుడి ఫోన్ వచ్చింది. అవసరానికి ఉంటుందని నా భార్య ఎప్పుడో ఆ నంబరు ఇచ్చిందట. ఫోను మా అధికారి బల్ల మీద ఉండేది, ఆయన ఎదుటే మాట్లాడాలి. లైను నిండా గాలివాన చప్పుడు.

"ఏవండీ, మేడం గారు ఉన్నారాండీ?"

"లోపలుందండీ" అన్నాను. అబద్ధం కాదు. ఆసుపత్రిలో లోపలే ఉంది.

"కార్డు అందిందాండీ? బొమ్మ గమ్మున పంపించమని రాశాను."

నేను రిసీవరు చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "అందిందండీ. గమ్మునే పంపిస్తున్నాను."

"చాలా సంతోషం. ఎంత గమ్మునైతే అంత మంచిదండీ."

"ఎవ్వరికీ తెలీదు సార్."

గాలివాన మీద ఆయన గొంతు పెంచాడు.

"ఏం తెలీదండీ?"

"అదే సార్" అన్నాను.

"ఆఁ... సరే సరే. గురువారం దాటితే..." అని ఇంకేదో అంటుండగా లైను తెగింది. ఈ రోజు గురువారమే కదా, దాటితే ఏమవుతుందో అని నాకు ఇంకో భయం పట్టుకుంది. వచ్చే గురువారం పత్రిక అచ్చుకు పోతుందనే ఆలోచన నాకు రాలేదు. ఇద్దరం ప్రతి మాటకూ ఒప్పుకున్నాం. నా జీవితంలో అంత సామరస్యంగా జరిగిన సంభాషణ కూడా ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి ట్రంకు పెట్టె తెరిచాను. పైన కార్డుల కట్ట, దాని కింద చీరలు, అట్టల మధ్య బొమ్మ. కట్టను జాగ్రత్తగా పక్కన పెట్టాను. బొమ్మ చూశాను. పెన్న ఇసుకలో ఆ నాయకుడు వెల్లకిలా పడి ఉన్నాడు. తువ్వాలు కొంచెం దూరంగా. ఒక మేక వచ్చి ఆ తువ్వాలు వాసన చూస్తోంది. అంతే, ఇంకెవరూ లేరు. కత్తులూ లేవు, నెత్తురూ లేదు. బొమ్మలు నాకు తెలియవు, అయినా కాసేపు కూర్చున్నాను. కానీ మీసం మాత్రం అచ్చంగా పెద్దాయనదే. ఇంత దూరం నుంచి, వెల్లకిలా పడున్నా, ఆయనదే.

శుక్రవారం ఆఫీసు నుంచి తప్పులు దిద్దే తెల్లరంగు సీసా తెచ్చాను. సర్కారు కాగితాల మీద దానితో చాలా తప్పులు దిద్దాను, చెయ్యి తిరిగింది. మూడు పూతలకు మీసం పోయింది. ఇక ఈ మనిషి ఎవరినీ పోలడని, ఒక నిండు కుటుంబాన్ని కాపాడానని అనుకున్నాను.

పులివెందులలో పోస్టు చేద్దామని నిర్ణయించాను. అక్కడ నేను ఉత్త అల్లుణ్ణి, నన్ను ఏ బొమ్మకూ ఎవరూ ముడిపెట్టరు. శనివారానికి సెలవు చీటీ రాశాను. భార్యకు బాగుపడాలని గండి ఆంజనేయస్వామికి మొక్కు అని కారణం చూపించాను. మా అధికారి భక్తుడు. చీటీ మీద సంతకం పెట్టి, ప్రసాదం మరవొద్దన్నాడు. దాంతో నిజంగానే గండిలో దిగవలసి వచ్చింది. శనివారం, జనం ఏటిగట్టు దాకా ఉన్నారు. బొమ్మ సంచిని ఎత్తి పట్టుకొని వరుసలో నిలబడ్డాను. స్వామికి ఏం మొక్కుకోవాలో తేల్చుకోలేక ఊరికే దండం పెట్టాను. నా అబద్ధం నిజం అయ్యేసరికి సగం రోజు పోయింది, పులివెందుల చేరేసరికి పోస్టాఫీసు తలుపు వేసి ఉంది.

మా బావమరిది అంగడి ఆ వీధిలోనే. తప్పించుకొని పోదామనుకున్నాను. ఆయన యూరియా మూట మీద కూర్చొని నన్ను ముందే చూశాడు.

"ఏం బావా, ఈడికొచ్చినావు? అక్క ఎట్లుంది?"

బాగుందన్నాను. సంచిలో ఏముందన్నాడు. ఏమీ లేదన్నాను. ఏమీ లేనిదాన్ని అట్లా రొమ్ముకానించుకోరు కదా అని ఆయనే తీసుకొని చూశాడు. చాలాసేపు చూశాడు.

"అక్క బొమ్మేనా ఇది? మీసం యాడికి పోయింది?"

"తీసేసినా" అన్నాను. జీపు సంగతి, కార్డు సంగతి, గొంతు తగ్గించి చెప్పుకొచ్చాను. ఆయన లేచి అంగడి రేకు సగం దించాడు.

"బావా, నువ్వు శానా సదివినావు. మనిషిని సంపినట్టు ఏస్తే, కథ కదా అనుకుంటారు. మీసం తీసినట్టు ఏస్తే యా పార్టీ వోడైనా గమ్మునుంటాడా?"

నిజమే. మా వైపు మీసం తీయించడం అంటే ఎంత అవమానమో పిల్లలకు కూడా తెలుసు. పెద్దాయన పోలిక దాచబోయి, పెద్దాయన మీసం గొరిగిన బొమ్మ తయారు చేసి గండి దాకా ఊరేగించుకొచ్చాను.

ఆయన బిల్లులు రాసే పెన్ను తీశాడు. ఒద్దంటావా అని కూడా అడగలేదు. తెల్లరంగు మీద రెండు గీతలు లాగాడు. పెద్దాయన మీసం కాదు, ఎవరి మీసమూ కాదు, ఎరువుల అంగడి మీసం. మా అక్క చూసినా కనుక్కోలేదు అన్నాడు. సోమవారం తనే పోస్టులో వేస్తానన్నాడు. గమ్మున వెయ్యి అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ వారంలో నేను చెప్పిన ఆ మాటను నేను అనుకున్నట్టే అర్థం చేసుకున్న మనిషి ఆయనొక్కడే.

సోమవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో నా భార్య కళ్లు తెరిచి, "పోయిందా?" అంది. పోయిందని తల ఊపాను. వేలు పెదాల మీద పెట్టుకున్నాను కూడా. పక్క మంచం ముసలమ్మ నిద్రపోతోందని అలా చేశాననుకుని ఆమె గొంతు తగ్గించి, దీపావళి అట్ట మీద ఏం వేయాలనుకుంటోందో చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు కుంకేవేళ ఎండిన పెన్న దాటుతున్న మంద. దుమ్ముకు పసుపు, ఎరుపు రెండూ కావాలి. మంద మధ్యలో ఒక మేక మాత్రం వెనక్కి చూస్తుంటుంది. ఎందుకు చూస్తుందని అడిగాను. అది అచ్చయినాక తెలుస్తాదిలే అంది.

పత్రిక రావలసిన రోజున జమ్మలమడుగు బస్టాండు అంగట్లో కొన్నాను. అక్కడే నిలబడి విప్పాను. నాయకుడు చచ్చాడు. బొమ్మ మాత్రం ఇంకెవరిదో. కత్తులున్నాయి, నెత్తురుంది, మూలలో పిట్ట లేదు. ఒక మేక కూడా ఉంది. కొమ్ములున్న కుక్క. నేను పత్రికను మడిచి, ఈ వారం ఇంకా రాలేదని ఆమెతో చెబుదాంలే అనుకున్నాను. ఇంతకూ బొమ్మ చేరలేదా, దారిలో ఎవరైనా పట్టుకున్నారా, సంపాదకుడే భయపడి మార్చేశాడా, ఏదీ తోచలేదు.

మరునాడు పోస్టుమాను పెద్ద కవరు తెచ్చాడు. కవరు కాబట్టి చదవలేకపోయాడు, ఆ బాధ ముఖంలో కనిపించింది. లోపల మా బొమ్మే, ఎరువుల అంగడి మీసంతో. ఒక చీటీ. బొమ్మ శుక్రవారం అందిందని, అప్పటికే అచ్చు అయిపోయిందని, గమ్మున పంపమని కార్డులోనూ ఫోన్లోనూ చెప్పినా ఇంత ఆలస్యం ఎప్పుడూ జరగలేదని రాశాడు. ఇబ్బంది ఏమైనా ఉంటే ఒక్క మాట రాసి ఉండవలసింది, ఆగేవాళ్లం అన్నాడు. దీపావళి అట్ట ఈసారికి వేరే వారికి ఇచ్చామన్నాడు. మీసం గురించి ఏమీ రాయలేదు. పెద్దమనిషి.

చీటీని మూడుసార్లు చదివాను. గమ్మున పంపితే ఆలస్యం అవుతుంది కదా, అందులో తప్పేముంది? ఆలస్యానికీ గమ్మునకూ ఏం సంబంధం? నాకంటూ ఒక డిగ్రీ ఉంది కదా అని నాలుగోసారి కూడా చదివాను. ఆఖరికి ట్రంకు పెట్టె తెరిచి కట్ట విప్పాను. ఇంకొకరి ఉత్తరాలు చదవకూడదనే నీతి ఆ రోజుతో ముగిసింది.

మొదటి కార్డులోనే ఉంది. మేక బాగుంది, ఇంకో రెండు బొమ్మలు గమ్మున పంపించండి. రెండో దాంట్లో ఉంది. ఉగాది సంచికకు గమ్మున. ఫలానా కథకు గమ్మున. నాలుగోదో ఐదోదో ఇలా ఉంది: "మీరు రాసింది చదివి ఆఫీసంతా నవ్వుకున్నామండీ. గమ్మున అంటే మా వైపు తొందరగా అని. మీ వైపు చప్పుడు చేయకుండా అని ఇవాళే తెలిసింది. ఇకనుంచి మీరు చప్పుడు చేస్తూనే గమ్మున పంపించవచ్చు." ఆ కార్డు వచ్చి ఏడేళ్లయింది. మా ఇంటి అడ్రసుకే వచ్చింది. బహుశా నా చేతుల మీదుగానే వచ్చింది.

కవరు, కార్డుల కట్ట పట్టుకొని ఆసుపత్రికి బయలుదేరుతుంటే జీపు మళ్లీ వచ్చింది. అదే తెల్లచొక్కా. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి, బొమ్మలేసేది నా భార్య అని, ఆసుపత్రిలో ఉందని చెప్పేశాను. అతను "ఆడమనిషా" అన్నాడు. పెద్దాయన మనవరాలు ఇంటి గోడలన్నీ గీసి పెడతాందట. నేర్పిస్తారేమో కనుక్కొని రమ్మని అప్పుడు పంపించాడట.

ఆ పొద్దే ఆ మాట చెప్పొచ్చు కదన్నా అన్నాను.

"నువ్వు కాదని గట్టిగా అంటివి. ఇంగ నేనేం చెప్పేది?" అన్నాడు. జీపెక్కుతూ, పెద్దాయనకు బొమ్మలో ఆ మీసం శానా నచ్చిందని కూడా చెప్పాడు.

బస్సులో కార్డులన్నీ వరుసగా చదివాను. జమ్మలమడుగు వచ్చిందని కండక్టరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు ఆమె దిండుకానుకొని కూర్చొని ఉంది. కళ్లల్లో తెలుపు తిరిగి వస్తోంది. పత్రిక, బొమ్మ, చీటీ, కార్డుల కట్ట అన్నీ మంచం మీద పెట్టి, మొదటి జీపు నుంచి రెండో జీపు దాకా చెప్పాను. ఎక్కడా తప్పించలేదు. డాక్టరమ్మ మాట గుర్తుంది, కానీ ఇంకా గమ్మునుంటే ఏమవుతుందో అప్పటికి తెలిసింది. ఆమె ముందు పత్రిక విప్పి చూసింది. చీటీ చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత బొమ్మను వెలుతురుకు పెట్టి, తెల్లరంగును గోటితో గీకింది. పెచ్చులు దుప్పటి మీద పడ్డాయి. అంగడి మీసం కింద నుంచి ఆమె వేసిన మీసం సగం బయటపడింది.

"ఇది మా తమ్ముని గీత. బిల్లు మీద సంతకం గూడా ఇట్లనే ఈడుస్తాడు" అంది.

నవ్వినట్టే ఉంది. గండం గడిచిందనుకున్నాను. అట్ట సంగతి అడగలేదు, అందుకే కొంచెం ధైర్యం వచ్చి, కట్టనంతా బస్సులో చదివేశానని, ఒక్క కార్డు కూడా వదల్లేదని, మేక గురించి రాసింది చాలా బాగుందని చెప్పాను. మీ సంపాదకుడు మంచి రాతగాడు అని కూడా అన్నాను. మెచ్చుకోలు ఏదో వస్తుందని ఎదురుచూశాను.

ఆమె కార్డులను ఒక్కొక్కటే సరిచేసి, పీలికతో ముడి వేసి, తలకింద రంగుల పెట్టె మీద పెట్టుకుంది. మూత ఇంకా తీయలేదు. అప్పుడు నావైపు తిరిగింది.

"ఎనిమిదేండ్లాయె. ఇప్పుడేనా నువ్వు సదివేది?"